రాత్రి షిఫ్టు వాళ్లకూ సైబర్ శిక్షణ ఇప్పించండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నెల్లూరులో ఆస్పత్రులకు, చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు బాగుచేసే పని నాది. కరెంటు, మంచినీళ్లు, వైద్యం లాంటి అత్యవసర సేవల్లో పనిచేసేవాళ్లకు సైబర్ భద్రత నిబంధనల మీద ఇక్కడే, తెలుగులో, ఒక తొలి శిక్షణ పెట్టించమని అడుగుతున్నాను.

సైబర్ దాడిని గమనించిన 6 గంటల్లోపు ఇలాంటి దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశాలొచ్చాయి. లాగ్‌లు, అంటే కంప్యూటర్లో ఎప్పుడేం జరిగిందో దానంతటదే నమోదయ్యే రికార్డులు, 180 రోజులు భద్రంగా ఉంచాలనీ అందులోనే ఉంది. పాటించకపోతే ఐటీ చట్టం 70బి సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. హెడ్డాఫీసులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. కానీ దాడిని ముందు చూసేది క్యాజువాలిటీ కౌంటర్లో కూర్చున్న ఔట్‌సోర్సింగ్ అమ్మాయి, పంప్‌హౌస్ ఆపరేటర్, సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్. రాత్రి 11కి స్క్రీన్ మీద 'డబ్బు కడితేనే ఫైళ్లు తెరుచుకుంటాయి' అని వస్తే, పొద్దున 10కి సార్ వచ్చాక చెబుదాంలే అనుకుంటారు. గడువు తెల్లవారుజామున 5కే తీరిపోతుంది.

ఇంకో నష్టం నేను కళ్లారా చూస్తున్నాను. టెన్షన్‌లో మిషన్ ఆపేసి మళ్లీ ఆన్ చేస్తారు. తెల్లారాక నాలాంటివాడిని పిలిచి 'ఫార్మాట్ కొట్టేయ్ అన్నా' అంటారు. కొడితే లాగ్‌లు పోతాయి, దాడి ఎటునుంచి వచ్చిందో ఇక తేలదు. వాళ్లననడానికి లేదు. నెట్ కేబుల్ పీకాలి, దేన్నీ చెరపకూడదు, వెంటనే పైవాళ్లకు ఫోన్ చేయాలి అని ఎవరైనా చెబితే కదా! చాలామంది 1930కి చేస్తే చాలనుకుంటున్నారు. అది ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయినవాళ్ల కోసం. సెర్ట్-ఇన్ నంబరు 1800-11-4949.

2022 నవంబర్‌లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) దెబ్బకు ఢిల్లీ ఎయిమ్స్‌లోనే రోజుల తరబడి చీటీలు చేత్తో రాసుకున్నారు. అలాంటి దెబ్బ మనకూ తగలొచ్చు: నేలటూరు థర్మల్ స్టేషన్, కృష్ణపట్నం పోర్టు, చెన్నైకి నీళ్లిచ్చే కండలేరు జలాశయం ఉన్న జిల్లా మనది.

శిక్షణకు ఒక్క రోజు చాలు. స్లైడ్లు చదివి వినిపించి పంపేయకుండా, దాడి జరిగినట్టే చూపించి వాళ్ల చేత చేయించాలి. ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని తప్పకుండా పిలవాలి. రాత్రిపూట ఎక్కువగా ఉండేది వాళ్లే. అదీ అక్టోబర్ లోపే జరగాలి. వాయుగుండాలు మొదలయ్యాక వీళ్లలో ఒక్కరికీ డ్యూటీ వదిలి వచ్చే వీలుండదు.

ఇట్లు
ఒక కంప్యూటర్ టెక్నీషియన్, నెల్లూరు