బాండికూట్ మన పందికొక్కే

సంపాదకులకు,

మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసేందుకు కేరళలో తయారైన రోబో ‘బాండికూట్’ గురించి పత్రికల్లో చదువుతున్నాం. అదేదో ఇంగ్లిష్ పేరనుకునే పాఠకులు చాలామంది ఉంటారు. నిజానికది మన పందికొక్కు! ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీని మూలం తెలుగేనని చెబుతుంది. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం కూడా అదే చెప్పింది. కోపమొస్తే పందిలా గుర్రుమనే ఆ జంతువుకి మనవాళ్లు పెట్టిన పేరును దొరలు తమ నాలుకకు తగ్గట్టు సాగదీసుకున్నారు. 1873లో గ్రే అనే జంతుశాస్త్రవేత్త ఈ ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని శాస్త్రీయ నామమే ఖాయం చేశాడు.

చిక్కల్లా ఆస్ట్రేలియా దగ్గరే. అక్కడి బాండికూట్ అసలు ఎలుకే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జంతువు. పోలిక చూసి వలసవాసులు మన పేరు తగిలించారు. కాబట్టి దాన్ని తెలుగులో పందికొక్కు అని అనువదిస్తే తప్పే. ఇంగ్లిష్‌లో మన మాటలనుకునేవన్నీ ఇంత తేటగా ఉండవు: ‘గోడౌన్’కీ మన గిడ్డంగికీ చుట్టరికం చూపే నిఘంటువులున్నాయి గానీ, ఆ మాట దారి మలయ్, పోర్చుగీసుల మీదుగా తిరిగింది, అక్కడ మూలం తెలుగేనన్న ఇంత ధీమా పనికిరాదు.

ఈసారి ఆ రోబో వార్త వేసినప్పుడు పేరు పక్కనే ‘పందికొక్కు’ అని కూడా వేయండి.

– ఒక పాఠకుడు, ఏలూరు