ముద్ర వేరు, రుచి వేరు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో కాఫీ ప్యాకెట్ల మీది గుర్తుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం రాసినందుకు సంతోషం. కానీ ఫెయిర్‌ట్రేడ్, ఆర్గానిక్ అనే తనిఖీ ముద్రలను, వాష్‌డ్, నేచురల్, హనీ అనే గింజల తయారీ పద్ధతులను అన్నింటినీ ఒకే పట్టికలో పేర్చి, ఎన్ని గుర్తులుంటే కాఫీ అంత రుచి అని తేల్చేశారు. కాఫీ రుచి చూసి మార్కులు వేయడమే నా ఉద్యోగం కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మా టేబుల్ మీది కప్పులకు నంబర్లు తప్ప పేర్లుండవు. 150 మిల్లీలీటర్ల వేడినీళ్లకు 8.25 గ్రాముల పొడి వేసి, నాలుగు నిమిషాలయ్యాక పైన కట్టిన తెట్టును చెంచాతో చీల్చి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూస్తాం. ఆ తర్వాత గట్టిగా చప్పుడు చేస్తూ జుర్రుతాం (కొత్తగా చూసేవాళ్లు నవ్వు ఆపుకోలేరు). అది నేచురలో వాష్‌డో చాలాసార్లు ఆ మొదటి వాసనకే తెలిసిపోతుంది. ఫెయిర్‌ట్రేడో కాదో మాత్రం ఎంతటి అనుభవజ్ఞుడూ నాలుకతో చెప్పలేడు.

రుచిలో ఎక్కువ భాగం పండు కోసిన తర్వాతి రోజుల్లోనే తేలిపోతుంది. వాష్‌డ్ పద్ధతిలో పళ్ల తొక్క తీసి, జిగురుతో ఉన్న గింజలను తొట్లలో పులియబెడతారు. చలిని బట్టి సగం రోజు పట్టవచ్చు, రోజున్నర కూడా పట్టవచ్చు. పనివాళ్లు గడియారం కన్నా చేతినే నమ్ముతారు. గుప్పెడు గింజలు పిసికినప్పుడు జారకుండా గులకరాళ్లలా గరగరలాడితే కడిగేయాలి. ఆలస్యమైతే పులుపు ముదిరి కంపు పట్టుకుంటుంది. అలాంటి గింజ ఒక్కటి చాలు, కప్పు మొత్తం పాడవడానికి. సరిగ్గా చేస్తే మాత్రం ఆ కప్పులో పులుపు, సువాసన స్పష్టంగా, శుభ్రంగా తెలుస్తాయి. నేచురల్‌లో పండును పండుగానే రెండు నుంచి నాలుగు వారాలు ఎండబెడతారు. తిరగేయడంలో అశ్రద్ధ చేస్తే బూజు, ఓపిగ్గా చేస్తే మాగిన పండ్ల ఘుమఘుమ. హనీ ఈ రెంటికీ మధ్యది. తొక్క తీసి, జిగురును గింజకే ఉంచి ఎండబెడతారు. మీ పట్టికలో దాని పక్కన తేనె సీసా బొమ్మ వేశారు గానీ, అందులో తేనె చుక్క కూడా ఉండదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో అయితే గింజ ఇంకా తడిగా ఉండగానే పైపొర ఒలిచేస్తారు. గింజకు నీలి ఆకుపచ్చ రంగు, కప్పులో మట్టి వాసన కలిసిన రుచి అందువల్లే వస్తాయి.

ఇక ముద్రలు. ఫెయిర్‌ట్రేడ్ ప్రధానంగా ధర సంగతి. 2023 ఆగస్టు నుంచి వాష్‌డ్ అరబికా (ఒక కాఫీ రకం) గింజలకు పౌండుకు కనీసం 1.80 డాలర్లు కొనేవాళ్లు చిన్న రైతుల సంఘానికి ఇవ్వాలి. మార్కెట్ ధర అంతకన్నా ఎక్కువుంటే ఆ ధరే ఇవ్వాలి. ఆ పైన సంఘం అవసరాలకు మరో 20 సెంట్లు. కప్ప బొమ్మ ఉండే రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్, 2018లో యూటీజెడ్ అనే మరో ముద్ర సంస్థను కలుపుకొన్న సంస్థ. అది అడవి, నీరు, కూలీల పరిస్థితి చూస్తుంది గానీ కనీస ధర హామీ ఇవ్వదు. ఆర్గానిక్ అంటే తోట మూడేళ్లు నిషిద్ధ రసాయనాలకు దూరంగా ఉండాలి. నా లెక్కలో అన్నిటికన్నా గట్టిది అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వాళ్ల బర్డ్ ఫ్రెండ్లీ ముద్ర. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్నా చాలదు, తోటలో కనీసం 40 శాతం చెట్ల నీడ ఉండాలి. అందుకే అరుదుగా కనిపిస్తుంది.

తయారీ పద్ధతులు, ముద్రలు అనే ఈ రెండు లోకాలు కలిసే చోటు ఒకటుంది. అది నీళ్లు. గింజలు కడిగిన జిగురునీటిని నేరుగా వాగులోకి వదిలితే అందులోని ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. మురుగునీటి నిబంధన ఉన్న ముద్ర అక్కడ నిజంగా పనికొస్తుంది. మీ వ్యాసంలో దీని ఊసే లేదు.

ముద్ర లేనంత మాత్రాన అనుమానించడమూ సరికాదు. రసాయనాలు వాడకపోయినా తనిఖీ ఫీజు భరించలేని చిన్న రైతులు చాలామందే ఉన్నారు. ఇందుకు పూర్తిగా భిన్నం, ఏ సంస్థ పేరూ లేకుండా ప్యాకెట్ మీద అచ్చేసిన పచ్చని ఆకు, పక్కన ‘ప్రకృతి హితం’ అన్న మాట. అది కంపెనీ సొంత డిజైన్ కావచ్చు, దాని వెనక బయటివాళ్ల తనిఖీ ఏదీ ఉండనక్కర్లేదు.

ఇట్లు,
ఒక కాఫీ నాణ్యత పరీక్షకురాలు