డిశ్చార్జ్ అయిన ఆర్నెల్లకు ఒక్క ఫోన్ చేయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఓ జిల్లా పట్టణంలో ఫిజియోథెరపిస్టుని. రోడ్డు ప్రమాదాల్లో కాళ్లూ చేతులూ విరిగినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది రావాల్సిన సమయం దాటిపోయాక వస్తారు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ల గురించి పేపర్లో వస్తుంది. గాయపడినవాళ్లలో ఎంతమంది మళ్లీ పనిలోకి వెళ్లారో మీరు అడిగితే చెప్పగలిగే అధికారి మన రాష్ట్రంలో ఉన్నారా? ఈ లేఖ దాని కోసమే.

ప్రాణం నిలబెట్టే విషయంలో మనం బాగానే నడిచాం. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, ఉమ్మడి రాష్ట్రంలోనే. పరిశోధనా ఆగలేదు. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే పాత, చవక మందుకు రక్తస్రావంతో వచ్చిన క్షతగాత్రుల మరణాలను తగ్గించే గుణం ఉందని 2010లో క్రాష్-2 అధ్యయనం చూపింది. 40 దేశాల్లో 20 వేలమందికి పైగా అందులో ఉన్నారు, మన దేశపు ఆసుపత్రులు కూడా పాల్గొన్నాయి. మూడు గంటల్లోపు ఇస్తేనే మేలని, ఆలస్యమైతే కీడు కూడా జరగొచ్చని మరుసటి ఏడాది తేలింది. అంత పెద్ద అధ్యయనమూ ప్రధానంగా లెక్కించింది నాలుగు వారాల్లోపు ఆసుపత్రిలో జరిగిన మరణాలనే. దాని ప్రశ్న అది, తప్పు పట్టను. కానీ మన ప్రభుత్వాల ప్రశ్న కూడా అక్కడే ఆగిపోతోంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులు, లక్షన్నర రూపాయల వరకు వర్తిస్తుంది. మంచి పథకమే. ఏడు రోజుల్లో తొడ ఎముక మాత్రం అతుక్కోదు కదా సార్.

టైల్స్ పని చేసే ఒకాయన సంగతి చెబుతాను. బైకు మీంచి పడితే తొడ ఎముకలో రాడ్ వేశారు. ఆపరేషన్ చక్కగా జరిగింది, ఎక్స్‌రే చూస్తే వంక పెట్టడానికి లేదు. డిశ్చార్జ్ కాగితం మీద మాత్రల పేర్లు, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఉన్నాయి. మోకాలు వంచమని మాత్రం ఎవరూ చెప్పలేదు. నొప్పి తగ్గుతుందని ఇంట్లోవాళ్లు ప్రేమగా మోకాలి కింద దిండు పెట్టారు. నెలల తరబడి దిండు అలాగే ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి మోకాలు పట్టేసింది, పూర్తిగా చాపలేడు, నలభై డిగ్రీలు దాటి వంచలేడు. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే తొంభై డిగ్రీలైనా కావాలి. ఆయన పనంతా నేల మీద గొంతు కూర్చుని చేసేది. మొదటి వారంలోనే ఎవరైనా ఆ దిండు తీయించి ఉంటే సరిపోయేది.

అమెరికాలో లీప్ అనే అధ్యయనం 8 ట్రామా సెంటర్లలో, కాలికి తీవ్ర గాయాలైన 569 మందిని రెండేళ్ల పాటు చూసింది. ఫలితాలు 2002లో వచ్చాయి. కాలు తీసేసినా, కష్టపడి నిలబెట్టినా రెండేళ్లకు వాళ్ల పరిస్థితిలో పెద్ద తేడా లేదు. రెండు గుంపుల్లోనూ సుమారు సగం మందే పనిలోకి తిరిగి వెళ్లారు. కోలుకోవడం మీద ప్రభావం చూపినవి ఆదాయం, చదువు, పక్కన మనుషులు ఉండటం, తాను చేసుకోగలనన్న నమ్మకం. ఇవేవీ ఎక్స్‌రేలో కనపడవు.

మనవాళ్లు ఆసుపత్రి వదిలి పుత్తూరు కట్టుకి పోతారని డాక్టర్లు విసుక్కుంటారు. కొన్ని కేసుల్లో దానివల్ల నష్టం జరుగుతుంది, నేనూ చూశాను. కానీ అక్కడ మనిషిని తాకి చూసి, మళ్లీ రమ్మని చెప్పేవాళ్లు ఉంటారన్న భరోసాతో జనం వెళ్తారు. ఆ భరోసా మన దగ్గర ఎందుకు దొరకడం లేదో ఆలోచించాలి.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ట్రామా రిజిస్ట్రీ, అంటే తీవ్ర గాయాలైనవాళ్ల వివరాలు నమోదు చేసే పట్టిక, ఉంది. తీవ్రంగా గాయపడినవాళ్లకు 6, 12, 24 నెలలకు ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడుగుతారు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. మనకు ఊరూరా ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఆసుపత్రిలో చేరినప్పుడు రాసుకున్న ఫోన్ నంబరూ ఉంది.

ప్రశ్నలు మాత్రం పరాయి దేశం నుంచి తెచ్చి తర్జుమా చేయించకండి. మెట్లు ఎక్కగలరా అని అడిగితే మెట్లే లేని ఇంటివాళ్లు ఏం చెబుతారు? కింద కూర్చుని లేవగలుగుతున్నారా, బహిర్భూమికి ఒక్కరే వెళ్లగలుగుతున్నారా, పాత పనికే వెళ్తున్నారా, వైద్యం కోసం చేసిన అప్పు ఇంకా ఉందా అని అడిగించండి. జవాబులు బాగాలేని మనిషిని దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో ఫిజియో దగ్గరికి పంపాలి. అక్కడ ఫిజియో పోస్టు ఖాళీగా ఉంటే ఫోన్ చేసి ప్రయోజనం లేదు, కాబట్టి ముందు ఆ ఖాళీలు చూడండి.

ఒక్క జిల్లాలో ఏడాది పాటు చేయించి, వచ్చిన లెక్కలు మంచివైనా చెడ్డవైనా బయట పెట్టండి. వైద్య కళాశాలల్లో పీజీ విద్యార్థులకు అంతకన్నా పనికొచ్చే పరిశోధన దొరకదు. ప్రశ్నల ముసాయిదా ఒక పేజీలో రాసి మీ పేషీకి విడిగా పంపుతున్నాను. మార్పులు చేయించుకోండి, నా పేరు ఉండనక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు