నిలబెట్టిన విమానమే తొందరగా పాడవుతుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

సొంత విమానాలు కోటీశ్వరుల సరదా, వాటి మెయింటెనెన్స్ గోల మనకెందుకు అని మొన్న మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. నేను ముప్పై ఏళ్లు చిన్న విమానాల దగ్గర పనిచేసిన ఏఎంఈని (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని), ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటున్నాను. ముగ్గురు నలుగురు డబ్బులు కలిపి సెస్నా అనే ఒక పాత చిన్న విమానం కొనుక్కుని, ప్రతి ఏడూ అది ఎగరడానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికేట్ గడువు దగ్గర పడుతుంటే టెన్షన్ పడే వాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

మన ఆటోనగర్‌లో లారీకి బోల్టు కావాలంటే సైజు చెబితే చాలు. విమానానికి మాత్రం అచ్చం అదే సైజు బోల్టు చేతిలో ఉన్నా, అది విమానానికి వాడదగ్గదేనని చెప్పే రిలీజ్ సర్టిఫికేట్ దాని వెంట లేకపోతే బిగించకూడదు. అది మంచి రూలే, ఇంజిన్ ఆగితే పక్కకు తీసి నిలుపుకోవడానికి పైన రోడ్డు ఉండదు. నా బాధ అది కాదు. ఒకసారి ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే మాగ్నెటో కొత్తది తెప్పిస్తే, కాగితం మీద సీరియల్ నంబర్‌లో ఒక్క అంకె తప్పు పడింది, అది సరిచేయించుకునేసరికి ఐదు వారాలు, నడి వానాకాలం, అన్నాళ్లూ విమానం నిలబడే ఉంది. గాలి ఒత్తిడిని పట్టే పిటో ట్యూబ్ అనే గొట్టం కవర్ ఎప్పుడు ఊడిపోయిందో ఏమో, కందిరీగ లోపల మట్టిగూడు కట్టేసింది. వేగం చూపించేది ఆ గొట్టమే!

చిన్న విమానాల్లో ఎక్కువగా ఉండే లైకమింగ్ కంపెనీ ఇంజిన్‌లో, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది, ఎగరకుండా ఉంచితే ఆయిల్ కిందికి దిగిపోయి దానికి తుప్పు పడుతుంది. అందుకే కంపెనీ 50 గంటలకో 4 నెలలకో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చమంటుంది. ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం కూడా అలాగే, చాలా మోడళ్లకు 2000 గంటలు లేదా 12 ఏళ్లు. ఏడాదికి 50 గంటలు తిరిగే విమానం 12 ఏళ్లలో తిరిగేది 600 గంటలే, ఓవర్‌హాల్ ఖర్చు మాత్రం పూర్తిగా పడుతుంది.

విమాన విడిభాగాల మీద ఐజీఎస్టీ పన్ను 2024 జూలై 15 నుంచి 5 శాతం చేశారు, సంతోషం. కానీ జేబుకు చిల్లు పెట్టేది కాగితాల కోసం కాచుకునే రోజులు. యూరప్‌లో 2730 కిలోల లోపు ప్రైవేటు విమానాలకు 2020 మార్చి నుంచి విడిగా తేలిక నిబంధనలు పెట్టారు, వార్షిక తనిఖీ చేసిన ఇంజినీరే అర్హత ఉంటే ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ (విమానం ఎగరడానికి తగినదేనా అన్న పరిశీలన) కూడా చేసి సంతకం పెట్టొచ్చు. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం వారే, ఇక్కడి చిన్న విమానాల యజమానులకు కూడా ఆ వెసులుబాటు నిజంగా చేతికందేలా చూడాలని నా విన్నపం.

తనిఖీలో ఒక్క అంశం కూడా తగ్గించమని నేను అడగడం లేదు. ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి, వెలుతురులో లోహపు రజను కోసం వెతికేది ఏఎంఈ. ఆ ఇంజిన్ గురించి అతనికి తెలిసినంత ఎక్కడో ఆఫీసులో ఫైలు చూసేవాళ్లకు తెలియదు, ఆ సంతకం అతన్నే పెట్టనివ్వండి.

– ఒక రిటైర్డ్ ఏఎంఈ, పటమట, విజయవాడ