పిన్నుల్లేని బ్రిడ్జ్ ఊడితే తప్పు పిన్నులది కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చేతితో చేసే గిటార్ల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను, మెడ చెక్కడం గురించి రాసిన భాగమైతే రెండుసార్లు చదివాను. కానీ చివర్లో ఒక మాట దగ్గర ఒళ్లు మండింది. పిన్నుల్లేని బ్రిడ్జ్ (గిటార్ పై పలక మీద అతికించే, తీగల చివరలు పట్టుకుని ఉండే చెక్క ముక్క) ఎప్పటికైనా ఊడిపోతుంది కాబట్టి కొత్తగా చేసేవాళ్లు దాని జోలికి పోవద్దని ఒక్క వాక్యంలో తేల్చేశారు. తీరిక వేళల్లో గిటార్లు చేసుకునేవాణ్ని, నా మొదటి పిన్‌లెస్ బ్రిడ్జ్ నిజంగానే ఊడింది. అయినా మీ మాట ఒప్పుకోను.

తెలియని పాఠకుల కోసం కాస్త చెప్పాలి. స్టీల్ తీగల గిటార్లో మామూలుగా తీగ చివరి చిన్న గుండు బ్రిడ్జ్‌లోంచి, దాని కింది పై పలకలోంచి దిగి, లోపల అతికించిన చెక్క పట్టీకి ఆనుకుంటుంది, పక్కకు జారకుండా పిన్ను దాన్ని అదిమి ఉంచుతుంది. పిన్‌లెస్‌లో తీగని బ్రిడ్జ్ వెనక వైపు నుంచి దూర్చి ముందుకి లాగుతాం, గుండు వెనక అంచుకే తట్టుకుని ఆగిపోతుంది, అంతే. ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు, అమెరికాలో ఒవేషన్ వాళ్లు, ఉత్తర ఐర్లండ్‌లో లౌడెన్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇలాంటివే అమ్ముతున్నారు.

పిన్నులుంటే పలక మీద భారం తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదండీ. 12 గేజ్ సెట్ (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులుండేది) వేసి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి 70 కిలోల పైనే లాగుతాయి, శాడిల్ (బ్రిడ్జ్ గాడిలో నిలబడి తీగల్ని ఎత్తి పట్టే సన్నటి ముక్క) దగ్గర తీగ పలక కంటే ఇంచుమించు 13 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, పలకని మెలిపెట్టేది ఆ లాగుడూ ఈ ఎత్తూ మాత్రమే, గుండు ఎక్కడ ఆగిందో దానికి అనవసరం. తేడా అంతా జిగురు దగ్గరే. పిన్నులున్నప్పుడు గుండు లోపలి పట్టీని పైకి లాగుతుంది, శాడిల్ బ్రిడ్జ్‌ని కిందికి నొక్కుతుంది, మధ్యలో పలక నొక్కుకుపోయి జిగురుకి కొంత సాయం దొరుకుతుంది. పిన్‌లెస్‌లో ఆ సాయం లేదు. మొత్తం జిగురే మోయాలి, అందులోనూ వెనక అంచు మోయాలి, ఎందుకంటే సీసా మీద లేబుల్‌ని మూల పట్టి లేపినట్టు బ్రిడ్జ్ అక్కణ్ణించే లేస్తుంది.

నా సంగతి చెప్తాను. తీగలు బిగించి గోడకి తగిలించిన మూడో రోజు రాత్రి టపాకాయ పేలినట్టు చప్పుడైంది. లేచి చూస్తే బ్రిడ్జ్ పలక మీద లేదు, తీగలతో సహా ఎగిరి మెడకి వేలాడుతోంది. దాన్ని తిప్పి చూశాను. జిగురు అద్దంలా మెరుస్తోంది, దానికి పలక నార ఒక్కటి కూడా అంటుకోలేదు. సరిగ్గా అతికి ఉంటే ఊడేటప్పుడు పలక నారల్ని పీక్కుని రావాలి కదా. పైగా పలక మీద బ్రిడ్జ్ ఆకారం చుట్టూరా సుమారు మూడు మిల్లీమీటర్ల వెడల్పున పాలిష్ అలాగే ఉండిపోయింది, అంచు నీటుగా కనిపించాలని నేనే వదిలేశాను! భారం ఎక్కువ పడే వెనక అంచు చెక్కని కాదు, పాలిష్‌ని అంటుకుని ఉందన్నమాట. ఇంకో తప్పు, పలక కొంచెం గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది, నేను బ్రిడ్జ్ అడుగు చదునుగా ఉంచి క్లాంపులతో బలవంతంగా వంచి అతికించాను, అంటే మొదటి రోజు నుంచే రెండు చివరలూ పైకి లేవాలని చూస్తున్నాయి.

ఇందులో పిన్నుల ప్రసక్తి ఎక్కడుంది? ఇంత అధ్వానంగా అతికిస్తే పిన్నులున్న బ్రిడ్జ్ కూడా లేస్తుంది, కాకపోతే ఒక్కసారిగా ఎగరకుండా మెల్లగా లేస్తుంది. ఇప్పుడు పలక మీదే శాండ్ పేపర్ పరిచి బ్రిడ్జ్‌ని రుద్ది వంపు కలుపుతాను, పాలిష్‌ని అంచుదాకా తీస్తాను. జిగురు రాస్తే బ్రిడ్జ్ సబ్బులా జారుతుంది, బిగించడానికి పిన్ను కన్నాలు ఎలాగూ లేవు, అందుకని శాడిల్ గాడిలోంచి పలకలోకి రెండు సన్నటి కన్నాలు వేసి టూత్‌పిక్ ముక్కలు దూర్చితే కదలదు, తర్వాత శాడిల్ వాటిని కప్పేస్తుంది.

మీ వ్యాసం అసలు భయపెట్టాల్సింది కన్నాల గురించి. బ్రిడ్జ్‌లో తీగలు దూర్చే ఆరు కన్నాలూ ఒకే వరసలో, చెక్క నారల వెంబడే వేస్తే పోస్టల్ స్టాంపు చింపినట్టు ఆ గీత వెంట చీలుతుంది, అందుకే నేను ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరుపుతాను, గుండు ఆనేచోట చిన్న ఇత్తడి గొట్టం కూర్చుతాను. కన్నానికీ శాడిల్‌కీ దూరం మరీ తక్కువైతే ఇంకో చిక్కు, గుండు దగ్గర తీగ తన మీద తానే చుట్టుకుని లావుగా ఉంటుంది, ఆ మెలిక శాడిల్ మీదికెక్కిందంటే స్వరం చెడుతుంది. నా రెండో గిటార్లో లావు తీగ ఇలాగే జీరగా మోగింది, తప్పు శాడిల్‌లో ఉందనుకుని వారం రోజులు దాన్నే అరగదీశాను.

ఇబ్బందులు లేవనను. శాడిల్ తగ్గించేకొద్దీ దాని మీద తీగ వంగే కోణం తగ్గుతుంది, కన్నం ఎత్తు మొదట్లోనే ఆలోచించి పెట్టకపోతే తర్వాత దిద్దుకోవడం కష్టం. తీగలు మార్చేటప్పుడు బ్రిడ్జ్ వెనకున్న పై పలక మీద అట్టముక్క వేసుకోకపోతే గీతలు పడతాయి. కానీ పలకకి ఆరు కన్నాలు తప్పుతాయి, లోపలి పట్టీని గుండ్లు తొలిచేయడం ఉండదు, చీకట్లో పిన్ను జారి ఎక్కడో పడి వెతుక్కునే బాధ కూడా ఉండదు (స్టేజి ఎక్కేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు).

ఆ ఊడిన బ్రిడ్జ్ పారెయ్యలేదు, నా పనిబల్ల మీదే ఉంది. మీ వ్యాసకర్త చూస్తానంటే అడుగు వైపు ఫొటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు