స్క్రీనింగ్ మా పని అన్నారు, నేర్పేదెవరు?

ఎడిటర్ గారికి,

ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. అయినా నాలుగో తరగతి పిల్లాడొకడిని దాదాపు ఏడాది పాటు ‘నీకు శ్రద్ధ లేదురా’ అని తిట్టాను. తప్పు నాదే, అందుకే ఈ ఉత్తరం.

లెక్క నోటితో అడిగితే టకటకా చెప్పేవాడు. పాఠం నేను చదివి వినిపిస్తే ఏ ప్రశ్న అడిగినా జవాబు వచ్చేది. పుస్తకం చేతికిస్తే మాత్రం రెండో లైను సగంలోంచి నాలుగో లైనులోకి దూకేవాడు, కళ్లు నులుముకునేవాడు, ‘వ’ని ‘ప’ అనేవాడు, గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో తేల్చుకోలేక ఆగిపోయేవాడు, ఇక ఒత్తు కనబడితే అది పై అక్షరానిదా, కింది లైను మీదున్న గుర్తా అన్నట్టు బిత్తరచూపులు చూసేవాడు. స్కూల్లో కంటి పరీక్ష చేశారు. దూరంగా పెట్టిన చార్టు చివరి లైను దాకా చదివేశాడు, నార్మల్ అని రాసుకుని వెళ్లిపోయారు. ఇంకేం, నేను తిట్టడానికి సర్టిఫికెట్ కూడా దొరికింది.

ఒకరోజు టేబుల్ మీదున్న పాత శుభలేఖ చింపి లైను కింద పెట్టి చదవమన్నాను. తప్పులు వచ్చాయి గానీ లైను మాత్రం తప్పలేదు! వాళ్ల అమ్మకి చెప్పి టౌన్లో కళ్ల డాక్టర్ దగ్గరికి పంపితే, చూపు బాగానే ఉంది కానీ దగ్గర వస్తువు మీద రెండు కళ్లూ సరిగ్గా కలవడం లేదని చెప్పి ఎక్సర్‌సైజులు ఇచ్చారు. దూరం చార్టులో ఇది దొరకదట. నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. 2016 దివ్యాంగుల చట్టం 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఇబ్బందిని కూడా చేర్చింది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ పిల్లల్ని స్క్రీన్ చేయాల్సింది, అంటే ఎవరికి ఇబ్బంది ఉండొచ్చో ముందుగా గుర్తించాల్సింది, టీచర్లేనని అన్నారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్ వచ్చింది, టీచర్లు ఈ స్క్రీనింగ్ చేయడానికే, అందులోని చెక్‌లిస్టు మంచిదే. కానీ మాలో చాలామందికి అందిన శిక్షణ ఏమిటంటే వాట్సాప్‌లో ఒక లింకు, దాని కింద ‘సాయంత్రంలోగా పూర్తి చేయండి’ అన్న మెసేజి. పిల్లాడు చదువుతుంటే పక్కన కూర్చుని ఏం చూడాలో తెలియనివాళ్లం అవును, కాదు నొక్కుకుంటూ పోతే ఏం తేలుతుంది?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మాకు తెలియకపోతే ఆ ఖాళీలోకి అమ్ముకునేవాళ్లు వస్తారు. రంగు అద్దాలు పెడితే, పేజీ మీద రంగు ప్లాస్టిక్ షీటు వేస్తే చదువు వచ్చేస్తుందని చెప్పే కోర్సులు ఉన్నాయి, టీచర్లకే ట్రైనింగ్ ఇస్తామంటారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల, కళ్ల డాక్టర్ల సంఘాలు కలిసి 2009లోనే వీటికి తగిన ఆధారం లేదని ప్రకటన ఇచ్చాయి. డిస్లెక్సియాలో, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బందిలో, ఎక్కువమంది పిల్లలకి చిక్కు కంట్లో కాదు, మాటలోని శబ్దాన్ని విడదీసి అక్షరంతో జత చేయడంలో ఉంటుంది. కాబట్టి కంటి ఇబ్బందేదో, శబ్దం ఇబ్బందేదో కనీసం అనుమానించగలిగేలా మాకు నేర్పాలి. తేల్చాల్సింది మేం కాదు, డాక్టర్లు, సైకాలజిస్టులు. ఎవర్ని ఎక్కడికి పంపాలో తెలిస్తే చాలు.

దానికి కోట్లు అక్కర్లేదు. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఒక పూట, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి ఐఈఆర్‌పీ (ఆ పిల్లలకి నేర్పే టీచరు) ఒకరు, దగ్గరి చూపు పరీక్షించగలిగే ఆప్తాల్మిక్ ఆఫీసర్ (కంటి పరీక్షలు చేసే ఉద్యోగి) ఒకరు, ముఖ్యంగా నిజమైన పిల్లలు నలుగురు ఉండాలి. పవర్‌పాయింట్ వద్దు మహాప్రభో. పిల్లాడు చదువుతుంటే పక్కన కూర్చుని చూడనివ్వండి. మేం గమనించింది రాసి పెట్టే కాగితం ఒకటి టీసీతో పాటు పై స్కూలుకి వెళ్లేలా చేయండి.

ఎందుకంటే మా వాడు ఈ ఏడాది హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాడు. శుభలేఖ ముక్క ఇంకా సంచిలోనే ఉంది, క్లాసులో ఆడుకోవడానికి తెచ్చాడనుకుని మొదటి వారమే ఎవరో లాక్కున్నారట. నేనే ఫోన్ చేసి వాళ్ల సార్‌కి చెప్పాను.

— ఒక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), ప్రకాశం జిల్లా