ట్రిగ్గర్ తేలిక చేయడానికి ముందు చూడాల్సినవి

సంపాదకులకు,

.22 రైఫిల్‌తో గురి కుదరనివారు మొదట నిందించేది ట్రిగ్గర్‌నే. గట్టిగా ఉందంటారు, వెంటనే తేలికపాటి స్ప్రింగు తెప్పిస్తారు, లేదంటే సియర్‌ను, అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ను (ఫైరింగ్ పిన్‌ను కొట్టే భాగాన్ని) పట్టి ఉంచే ముక్కను, సానరాయి మీద పెడతారు. చివర చేయాల్సిన పనిని ముందు చేయడమే ఇది. మూడు కిలోల రైఫిల్‌లో ట్రిగ్గర్ వదలడానికి రెండున్నర కిలోల బలం (దీన్నే ట్రిగ్గర్ బరువు అంటారు) కావాలంటే నొక్కేటప్పుడు గురి కదులుతుంది, కాదనను. కానీ చాలా రైఫిళ్లలో చేతిని ఇబ్బంది పెట్టేది బరువు కాదు, సియర్ వదిలే ముందు ట్రిగ్గర్ కరకరలాడుతూ ఆగి ఆగి జరగడం. దాన్నే క్రీప్ అంటారు. కిలోన్నర దగ్గర ఒక్కసారిగా వదిలే ట్రిగ్గర్ ఉంటే, ఈడ్చుకుంటూ కిలోకే వదిలేదానికన్నా అదే మేలు.

ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) కంటితోనూ వేలితోనూ చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. తర్వాత స్ప్రింగు త్రాసు కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, బ్యారెల్‌కు సమాంతరంగా నెమ్మదిగా లాగుతూ పదిసార్లు కొలవండి. సగటు అంకె కన్నా, అన్నిటికన్నా ఎక్కువ, తక్కువ అంకెల మధ్య తేడా ముఖ్యం. ఒకసారి 1,400 గ్రాములకు, మరోసారి 1,750కి వదులుతుంటే లోపం స్ప్రింగులో కాదు, చాలావరకు మురికిలోనో ఎక్కడో రాపిడిలోనో ఉంటుంది. ఇలా కొలిచేటప్పుడు ఖాళీ ఛాంబర్ మీద వదలకండి. .22 రిమ్‌ఫైర్ రకం, అంటే ఇందులో ఫైరింగ్ పిన్ తూటా అంచును కొడుతుంది. తూటా లేకపోతే కొన్ని రైఫిళ్లలో అది నేరుగా ఛాంబర్ అంచుకే తగిలి గుంట పెడుతుంది, తర్వాత ఖాళీ గుల్ల బయటికి రావడానికి మొరాయిస్తుంది. స్నాప్ క్యాప్ (నకిలీ తూటా) గానీ, పేల్చిన గుల్ల గానీ పెట్టి, గుల్లనైతే ప్రతిసారీ కొంచెం తిప్పుతూ ఉండండి.

.22 తూటా సీసానికి మైనమో గ్రీజో పూస్తారు. అది, కాలని మందు, సీసం పొడి కలిసి బంకలా తయారై ట్రిగ్గర్ గదిలోకి చేరుతుంది. రూగర్ 10/22 లాంటి సెమీ ఆటోమేటిక్‌లలో (పేలిన ప్రతిసారీ తర్వాతి తూటాను తామే ఎక్కించుకునేవాటిలో) ఇది మరీ ఎక్కువ. అందులో స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) విప్పి, రెండు అడ్డ పిన్నులు తోసేస్తే ట్రిగ్గర్ భాగం మొత్తంగా చేతికి వస్తుంది. అలా బయట ఉన్నప్పుడు హ్యామర్‌ను కాక్ చేసి (ఎక్కుపెట్టి) వదలకూడదు, ఆ భాగాన్ని పట్టి ఉంచే హౌసింగ్‌కు దెబ్బ తగులుతుంది. ప్లాస్టిక్‌కు హాని చేయని క్లీనర్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. పిన్నుల దగ్గర సూది మొనతో చుక్క నూనె, సియర్ ముఖం మీద మాలిబ్డినం గ్రీజు పొర కనపడీ కనపడనంత చాలు. ఎక్కువైతే మళ్లీ మురికినే పోగేస్తుంది, చలిలో గట్టిపడుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టి వదిలేసే అలవాటు మానుకోవాలి; ఆరాక మిగిలే జిగురే కరకరకు కారణమవుతుంది. చాలా రైఫిళ్లకు ఈ దశతోనే పని అయిపోతుంది.

అలా కాకపోతే స్టాక్ చూడండి. ట్రిగ్గర్ పక్కలకు, గార్డుకు మధ్య కాగితం ముక్క అడ్డులేకుండా జరగాలి. బిగింపు మరలు అతిగా బిగిస్తే బోల్ట్ జరిగే లోహ భాగం (యాక్షన్) వంగి బోల్ట్ కూడా బిగుసుకుంటుంది. తయారీదారు చెప్పిన బిగింపు బలం (టార్క్) దగ్గరే ఆపండి.

సీజెడ్ 457 లాంటి రైఫిళ్లలో బరువుకు, క్రీప్‌కు, వదిలాక ట్రిగ్గర్ ఎంత జరగాలో దానికీ విడివిడిగా మరలు ఉన్నాయి. పావు చుట్టు చొప్పున, ఒకసారికి ఒక మరనే తిప్పి, ప్రతిసారీ కొలవాలి. చివరి మరను మరీ లోపలికి బిగిస్తే సియర్ పూర్తిగా తప్పుకోదు, స్ట్రైకర్ (ఈ బోల్ట్ రైఫిళ్లలో హ్యామర్ పని చేసే భాగం) దానికి రాసుకుంటూ పడుతుంది. దెబ్బ బలహీనమై తూటా పేలదు. వదలని చోటు దొరికాక పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పండి. క్రీప్ మర మాత్రం పూర్తిగా పోయేదాకా తిప్పకండి, సియర్‌కు పట్టు ఏమీ మిగలదు.

సియర్ అరగదీయడం గురించి గట్టిగానే చెప్పాలి. చాలా సియర్లకు గట్టితనం పైపొరలోనే ఉంటుంది. అది పోతే లోపలి మెత్తని ఉక్కు త్వరగా అరిగి, ఈ రోజు బాగున్న ట్రిగ్గర్ కొన్నాళ్లకు దానంతట అదే వదులుతుంది. కోణం ఒక వెంట్రుకంత తప్పినా హ్యామర్ సియర్‌ను కిందికి నెట్టేస్తుంది. కోణం తప్పకుండా పట్టి ఉంచే చట్రం (జిగ్) లేకుండా చేత్తో చేయదగ్గ పని కాదిది. స్ప్రింగు మార్చాలంటే ట్రిగ్గర్ స్ప్రింగు సరే, హ్యామర్ స్ప్రింగును తాకకండి. దెబ్బ తగ్గితే పేలనివి పెరుగుతాయి, పేలినవాటిలోనూ వేగం హెచ్చుతగ్గులై లక్ష్యం మీద గుర్తులు పైకీ కిందికీ చెదురుతాయి.

పోటీల అంకెలు చూసి తొందరపడేవారు ఒకటి గమనించాలి. అంతర్జాతీయ నిబంధనల్లో 50 మీటర్ల రైఫిల్‌కు ట్రిగ్గర్ బరువు పరిమితి లేదు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు మాత్రం కనీసం 1,500 గ్రాములు ఉండాలి. వంద గ్రాముల దగ్గర వదిలే ట్రిగ్గర్లు ఆ పనికోసమే కట్టిన రెండు దశలవి, అంటే మొదట తేలిగ్గా కొంత జరిగి, ఆగి, తర్వాత వదిలేవి. మామూలు ట్రిగ్గర్‌ను అక్కడికి దించడం కుదరదు.

ఏం మార్చినా పరీక్ష తప్పదు. ఛాంబర్‌లో ఏమీ లేకుండా కాక్ చేసి, బోల్ట్‌ను గట్టిగా అయిదారుసార్లు మూయండి. బట్‌ను (భుజానికి ఆనే వెనక కొనను), పక్కలను రబ్బరు సుత్తితో తట్టండి. సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్‌ను బలంగా నొక్కి వదిలి, సేఫ్టీ తీయండి. ఎక్కడ హ్యామర్ గానీ స్ట్రైకర్ గానీ పడినా ఆ మార్పును వెనక్కి తీసుకోవాల్సిందే. సెమీ ఆటోమేటిక్ అయితే ట్రిగ్గర్ నొక్కిపట్టి బోల్ట్ లాగి వదలండి, తర్వాత ట్రిగ్గర్‌ను మెల్లగా వదలండి. హ్యామర్ అక్కడే నిలవాలి. రేంజ్‌లో మొదట ఒక తూటా, ఆ తర్వాత రెండు మాత్రమే పెట్టి పేల్చండి. ఒక్క నొక్కుకే రెండూ పేలితే బ్యారెల్‌ను లక్ష్యం వైపే ఉంచి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, రైఫిల్‌ను నేరుగా లైసెన్సున్న మరమ్మతుదారుకు అప్పగించండి.

– ఒక పాఠకుడు